ఆ ఇంట్లో ఇంకెవరుంటారు?

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. ఎల్‌ఎల్‌బీ చేసి, రెండేళ్లు ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉండి, ఏడు నెలల కిందట మా జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో లీగల్ కం ప్రొబేషన్ ఆఫీసరుగా చేరాను. కాంట్రాక్టు ఉద్యోగం. జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకొచ్చే బాల నేరస్థుల ఇళ్లకు వెళ్లి, విచారించి, బోర్డుకు రిపోర్టు ఇవ్వాలి. చేరిన కొత్తలోనే ఒక 16 ఏళ్ల అబ్బాయి కేసు వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి బైకులు ఎత్తుకెళ్లాడని కేసు. ఇంటికి వెళ్తే తల్లి నా కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆమె తమ్ముడు కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. బైకులు అమ్మిపెట్టేది అతనేనని నాకు అనుమానం వచ్చింది. 'వాడి సంగతి రాయకమ్మా, ఇంటద్దె కట్టేది వాడే' అని ఏడ్చింది. నేను రాయలేదు. రిపోర్టు చూసి తల్లి పూచీ మీద బెయిల్ ఇచ్చారు. నలభై రోజులకు అబ్బాయి మళ్లీ దొరికాడు. మళ్లీ బైకే. మేజిస్ట్రేట్ గారు నా పాత రిపోర్టు తిరగేసి 'ఆ ఇంట్లో ఇంకెవరుంటారో ఇందులో లేదేంటమ్మా?' అన్నారు. నా నోరు పెగల్లేదు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. పిల్లల్ని నమ్మడం నా తప్పా? ఇంట్లో 'దొంగపిల్లల వెంట తిరిగే ఉద్యోగమేంటి, సంబంధాలవాళ్లకు ఏం చెప్పుకోవాలి' అంటున్నారు. రాజీనామా ఇచ్చేయాలనుంది. అసలు ఈ ఉద్యోగంలో నేను ఎవరి తరఫున? (పేరు, ఊరు వేయవద్దు)

సమాధానం:

అమ్మా,

నా చిన్నకూతురి ఈడుదానివి, ఏకవచనంలోనే రాస్తున్నాను, ఏమనుకోకు. ఇరవై తొమ్మిదేళ్లు ప్రొబేషన్ పని చేసి దిగిపోయినదాన్ని. నేను చేరినప్పుడు 1986 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ఉండేది. తర్వాత 2000లో ఒకటి, 2015లో ఇప్పుడున్నది వచ్చాయి. చట్టం మారినప్పుడల్లా ఫారాలు మారాయి, రిజిస్టర్లు మారాయి. తల్లులు గుమ్మంలో నిలబడి మన చేతులు పట్టుకోవడం మాత్రం మారలేదు. నీకు జరిగింది నాకూ జరిగింది, ఒకసారి కాదు.

పిల్లల్ని నమ్మడం నా తప్పా అని అడిగావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తల్లి ఏడ్చింది అందులో ఉంది. మేజిస్ట్రేటు అడిగింది ఉంది. మీ ఇంట్లోవాళ్లు అన్నదీ ఉంది. పిల్లాడు నీతో ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. నువ్వు నమ్మింది వాణ్ణి కాదమ్మా. ఆ మాటకొస్తే వాళ్లమ్మను కూడా నమ్మలేదు, ఆమె ఏడుపు చూడలేక రాయాల్సింది వదిలేశావు. తప్పు అక్కడుంది. దాన్ని తీసుకెళ్లి నమ్మకం మీద వేయకు. వేశావంటే రేపటినుంచి ఏ పిల్లాడు ఏం చెప్పినా నమ్మని ఆఫీసరువవుతావు. అలాంటివాళ్లు మన శాఖలో ఎంత తొందరగా తయారవుతారో నేను చూశాను.

కోప్పడుతున్నానని అనుకోకు. అడిగావు కాబట్టి తేల్చి చెబుతున్నాను.

నువ్వు లా చదివినదానివి, సెక్షన్ 12 నేను చెప్పక్కర్లేదు. అయినా ఈ రాత్రి ఇంకోసారి తీసి చదువు. పిల్లలకు బెయిలు ఇవ్వడమే పద్ధతి. నేరం బెయిలబులా, నాన్‌బెయిలబులా అన్నదాంతో పని లేదు. జామీను లేకపోయినా ఇవ్వొచ్చు. ఇవ్వకుండా ఆపగలిగే కారణాలు మూడే మూడు: వదిలితే తెలిసిన నేరగాళ్లతో కలుస్తాడని గట్టిగా అనిపించడం, వాడికే ఏదో ప్రమాదం ఉండటం, న్యాయం జరగకుండా పోతుందనుకోవడం. మొదటిది మళ్లీ చదువు. బోర్డు నిన్ను అడిగిన ప్రశ్నే అది. అడిగిన ప్రశ్న వదిలేసి మిగతా పేపరంతా దస్తూరీ బాగా రాసిచ్చినట్టయింది నీ రిపోర్టు.

నీ భయం నాకు తెలుసు. మేనమామ సంగతి రాస్తే బెయిలు రాదు, పిల్లాడు విచారణ ముగిసేదాకా అబ్జర్వేషన్ హోంలో ఉండిపోతాడు, పంపించిన పాపం నాది అవుతుంది అనుకున్నావు. బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. బయటికి పంపితే ఎవరింటికి పంపాలన్నది ఇంకో ప్రశ్న. నువ్వు రెండూ కలిపేశావు. వాడికి పెద్దమ్మ లేదా? నానమ్మ? పక్క మండలంలో ఏ చిన్నాన్నో? 'తల్లి ఇంటికి వద్దు, ఫలానా ఊళ్లో పెద్దమ్మ దగ్గర ఉంచవచ్చు, నేను పదిహేను రోజులకోసారి వెళ్లి చూస్తాను' అని నువ్వు రాసి ఉంటే, మేజిస్ట్రేటు, బోర్డులోని ఇద్దరు సోషల్ వర్కర్ సభ్యులు కలిసి ఆలోచించడానికి వాళ్ల చేతిలో ఒక దారి ఉండేది. ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో పెట్టవచ్చని ఆ సెక్షన్‌లోనే రాసుంది. హోంకి పంపడం ఆఖరి మార్గం అని చట్టమే చెప్పింది. దానికి ముందు ఎన్ని మార్గాలున్నాయో కాళ్లరిగేలా తిరిగి వెతకడానికే కదా మనల్ని పెట్టుకున్నది.

ఇక మేనమామ. 'బైకులు అమ్మేది అతనే' అని రాయలేదని నేను తప్పుపట్టడం లేదు. అది నీ అనుమానం. అనుమానాన్ని నిజంలా రాస్తే అదీ తప్పే. రాయాల్సింది ఇలా: 'ఇంట్లో తల్లి తమ్ముడు ఉంటున్నాడు. వయసు ముప్పైకి అటూ ఇటూ. ఏం పని చేస్తాడో అడిగితే తల్లి చెప్పలేదు. ఇంటద్దె అతనే కడతాడని చెప్పింది. రాత్రిళ్లు పిల్లాడు అతనితో బయటికి వెళ్లడం చూశానని పక్కింటామె చెప్పింది.' అంతే. చూసింది చూసినట్టు, విన్నది ఎవరి నోట విన్నావో ఆ నోటి పేరుతో. తీర్పు చెప్పడం నీ పని కాదు, బోర్డు ఆ గుమ్మం దాకా రాలేదు కాబట్టి వాళ్ల బదులు నువ్వు వెళ్లావు. నేను ఎవరి తరఫున అని అడిగావే, పిల్లాడి తరఫున వాదించడానికి లీగల్ ఎయిడ్ వకీలు ఉన్నాడు, ఏం జరిగిందో తవ్వడానికి పోలీసు ఉన్నాడు. వాడు రేపు పొద్దున ఏ ఇంట్లో లేస్తాడో చూసి చెప్పే మనిషి నువ్వొక్కదానివే.

తల్లికి ఏం చెప్పాలి అంటావా? 'రాయనని మాటివ్వలేనమ్మా. రాసింది నీకు ముందే చదివి వినిపిస్తాను' అని చెప్పు. నేను అలాగే చేసేదాన్ని. సగంమంది ఏడుపు ఆపి వినేవాళ్లు. రిపోర్టు రహస్యం అని సెక్షన్ 99లో ఉంది, ఊరంతా చదివే కాగితం కాదని చెప్పు. కొందరు తిట్టారు. ఒకామె నా గొడుగు తీసుకుని దాచేసింది, ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఫారం 6, అంటే బోర్డుకిచ్చే ఈ విచారణ రిపోర్టు, నింపేటప్పుడు మన జిల్లాల్లో ఒక రోగం ఉంది. ఆర్థిక పరిస్థితి: పేద. ప్రవర్తన: మంచిది. నేరానికి కారణం: చెడు సావాసం. సిఫారసు: ఒక అవకాశం ఇవ్వగలరు. ఈ నాలుగు ముక్కలు ఏ పిల్లాడికైనా అతుకుతాయి. నా మొదటి ఏడాది రిపోర్టులన్నీ ఇవే. ఒక మేజిస్ట్రేటు ఒకరోజు నా రిపోర్టులు రెండు పక్కపక్కన పెట్టి, 'అమ్మా, వీటిలో పేర్లు మార్చేస్తే మీకైనా తెలుస్తుందా?' అని అడిగారు. నాకూ ఆరోజు నోరు పెగల్లేదు. కాబట్టి నీకు జరిగిన అవమానం కొత్తదేం కాదు. ఒకరకంగా మంచి మేజిస్ట్రేటు దొరికారు నీకు. రిపోర్టు తిరగేసి కూడా చూడనివాళ్ల దగ్గర పనిచేసి ఉంటే ఈ తప్పు పదేళ్లు చేసేదానివి.

ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఒకటే: ఇంటికి వెళ్తే పిల్లాడు ఎక్కడ పడుకుంటాడో చూడటం. ఆదాయం ఎంత, రేషన్ కార్డు ఉందా, అవన్నీ అడుగుతాం, చెబుతారు, రాసుకుంటాం. 'వీడు రాత్రి ఎక్కడ పడుకుంటాడమ్మా, చూపించు' అంటే మాత్రం కాసేపు మాట ఉండదు. ఒకసారి ఒక రేకుల గదిలో ఇదే అడిగాను. నులకమంచం ఒకటే, దాని మీద తండ్రి. కింద తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. పదిహేనేళ్ల మగపిల్లాడి పక్కబట్టలు ఎక్కడా కనపడలేదు. చివరికి చెల్లెలు చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా తీసుకెళ్లింది. అక్కడ ఒక ఆటో ఆగి ఉంది. వెనక సీటు మీద మడతపెట్టిన దుప్పటి, సీటు కింద వాడి స్కూలు బ్యాగు, ఒక స్టీలు గ్లాసు. తండ్రి తాగొచ్చిన రాత్రిళ్లు వాడు ఆటోలో పడుకుంటాడట. ఆటో ఎవరిదమ్మా అని అడిగితే ఒక కుర్రాడి పేరు చెప్పింది. కేసులో వాడితోపాటు ఉన్న రెండో పేరు అదే.

ఆ సంగతి ఏ కాలమ్‌లో రాయాలో ఫారంలో లేదు. వెనక కాగితం జతచేసి రాశాను. బోర్డులో ఒక మహిళా సభ్యురాలు అది చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది, మళ్లీ పెట్టుకుని తండ్రిని పిలవమంది. 'చెడు సావాసం' అని రాసి ఉంటే తండ్రిని ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

ఇంటికి ఎలా వెళ్లాలో కూడా చెబుతాను. ఈ విషయంలో నేను చేసిన ఘోరం ఒకటుంది. కొత్తలో శాఖ జీపు దొరికిందని సంబరంగా దాంట్లో వెళ్లి, వీధి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆపి 'ఆ కేసులో పిల్లాడి ఇల్లెక్కడ' అని అడిగాను. పేరు కూడా చెప్పాను. అప్పటిదాకా ఆ వీధిలో సగంమందికి తెలియదు. సాయంత్రానికి అందరికీ తెలిసింది. వారం తిరక్కుండా స్కూలు వాళ్లు టీసీ ఇచ్చి పంపేశారు. ఇప్పటి చట్టంలో పిల్లాడి గుర్తింపు బయటపెడితే సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో ఉన్నాయి. పేపర్లవాళ్లకే కాదు, అది మనకూ వర్తిస్తుంది. అందుకే చెబుతున్నా: బస్సుకో ఆటోకో వెళ్లు. సాయంత్రం వెళ్లు, పనులకు వెళ్లినవాళ్లు ఇళ్లకు చేరే వేళకు. పొద్దున పదకొండుకు వెళ్తే ముసలమ్మ ఒక్కతే ఉంటుంది, నీకు ఆమె కథే దొరుకుతుంది. మెడలో ఐడీ కార్డు వీధిలో వేసుకుని తిరగకు, గుమ్మంలో చూపించు చాలు. అడిగినవాళ్లకు స్కూలు పని మీద వచ్చానని చెప్పు. చాప వేస్తే కూర్చో. టీ ఇస్తే తాగు.

పిల్లాడితో మాట్లాడటం ఇంకా కష్టం. 'ఎందుకు చేశావురా' అని అడక్కు. ఆ ప్రశ్నకు వాడి దగ్గర ఒకటే జవాబు ఉంటుంది: 'తెలీదు.' ఇరవై తొమ్మిదేళ్లలో నాకు రకరకాల తెలీదులు తెలిసొచ్చాయి. నిజంగా తెలియని తెలీదు ఒకటి. చెబితే ఎవరో కొడతారన్న తెలీదు ఒకటి, అది చెప్పేటప్పుడు కళ్లు తలుపు వైపు పోతాయి. అన్నిటికంటే ఎక్కువ వినపడేది ఇంకోటి: ముందు పోలీసు అడిగి, తర్వాత తండ్రి అడిగి, ఆ తర్వాత వకీలు అడిగి, ఇప్పుడు నువ్వు అడుగుతున్నావు కాబట్టి వచ్చే విసుగు తెలీదు. నేనైతే 'దొరికిన రోజుకు ముందు రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పు' అనేదాన్ని. ఏం తిన్నావు, ఎవరు లేపారు, ఎవరి బండెక్కావు. పేర్లు వాటంతట అవే వస్తాయి. తల్లి పక్కన లేకుండా మాట్లాడు, హోంలో అయితే గార్డు వినపడని దూరంలో. నీ కేసులో అబ్బాయి ఎక్కడో మెకానిక్ షెడ్డులో పనిచేసే ఉంటాడని నాకు అనిపిస్తోంది. తాళం లేకుండా బండి స్టార్టు చేయడం ఎవరు నేర్పారో అడిగావా? ఆ జవాబులో సగం కేసు ఉంటుంది.

మాటల గురించి ఒక చిన్న సంగతి. నువ్వు 'బాల నేరస్థులు' అని రాశావు. చట్టం ఆ మాట వాడొద్దంటుంది, 'చట్టంతో ఘర్షణ పడిన బాలలు' అంటుంది. నోరు తిరగదు, ఒప్పుకుంటాను. అందుకని ఆఫీసుల్లో దాని ఇంగ్లిషు పొడి అక్షరాలతో 'సీసీఎల్' అంటున్నారు, 'ఇవాళ ముగ్గురు సీసీఎల్స్ వచ్చారు' అని, గోడౌన్‌లో సరుకు దిగినట్టు. నేను పిల్లాడు అంటాను, లేదా పేరు పెట్టి పిలుస్తాను. బస్సులో పక్కనామె 'పిల్లల జైల్లోనా ఉద్యోగం' అని అడిగితే ఓపిక ఉన్నరోజు విడమర్చి చెప్పేదాన్ని, లేనిరోజు అవును అనేదాన్ని.

వాడికి పదహారేళ్లన్నావు. ఏ కాగితం చూసి అన్నావు? స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. సెక్షన్ 94 వరస అది. మన ఊళ్లలో బడిలో వేసేనాటికి పుట్టినరోజు తెలియక హెడ్మాస్టర్లు జూన్ తేదీ ఏదో ఒకటి వేసేసేవాళ్లు, కాబట్టి అడ్మిషన్ రిజిస్టరు నువ్వే వెళ్లి చూడు.

ఇప్పుడు నువ్వు రాయనిది ఇంకోటి అడుగుతాను. బెయిలు వచ్చిన తర్వాత ఆ నలభై రోజుల్లో ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లావు?

ఉత్తరంలో లేదు. బహుశా వెళ్లలేదు. నిన్ను ఒక్కదాన్నే అనను. జిల్లా అంతటికీ ఒక్కరే, టీఏ బిల్లులు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి, నెలాఖరుకు పంపాల్సిన స్టేట్‌మెంట్లు తలకాయ నొప్పి. అయినా చెబుతున్నా, మొదటి వారం ముఖ్యం. పిల్లాడు బయటికి వచ్చాడని పాత స్నేహితులకు తెలిసేది ఆ వారంలోనే. పలకరించడానికి వస్తారు, బిర్యానీ తినిపిస్తారు, 'మన గురించి ఏమైనా చెప్పావా' అని అడుగుతారు. ఆ వారంలో నువ్వొకసారి గుమ్మంలో కనపడితే వాళ్లకు కొంచెం బెరుకు ఉంటుంది. అన్ని కేసులకూ వెళ్లలేవు. ఏ ఇంటి నుంచి వచ్చేటప్పుడు కడుపులో తిప్పిందో ఆ ఇంటికైనా వెళ్లు. ఈ ఇంటి దగ్గర నీకు తిప్పింది కదా.

సరే, జరిగింది జరిగింది. ఇప్పుడేం చేయాలి?

ముందు హోంకి వెళ్లి పిల్లాణ్ణి చూడు. తిట్టకు, 'నా పరువు తీశావు' అన్న మాట నోట్లోంచి రానీకు. 'పోయినసారి నీ గురించి రాయాల్సింది నేను రాయలేదు. ఈసారి రాస్తున్నాను, నువ్వు చెప్పాల్సింది చెప్పు' అను. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం వాళ్లు ఎక్కువ చూసి ఉండరు. ఏమీ మాట్లాడకపోయినా మర్నాడు మళ్లీ వెళ్లు.

తర్వాత బోర్డుకు అదనపు రిపోర్టు ఇవ్వు. అందులో మొదటి వాక్యమే, పాత రిపోర్టులో ఇంట్లో ఉంటున్న ఫలానా వ్యక్తి వివరం నేను ఇవ్వలేదు అని ఉండాలి. ఎందుకు ఇవ్వలేదో కథ రాయకు. తల్లి ఏడ్చిందని అస్సలు రాయకు, అది తప్పు ఆమె మీదకు నెట్టినట్టవుతుంది. నీ పై అధికారికి ముందే ఒక మాట చెప్పు. మందలిస్తారు. ఆ మందలింపు బోర్డులో రెండోసారి తల దించుకోవడం కంటే నయం.

తల్లి దగ్గరికి కూడా వెళ్లాలి. ఈసారి ఆమెకు చెప్పడానికి నీ దగ్గర పనికొచ్చే సంగతులున్నాయి. మామూలు బైకు దొంగతనం చట్టం దృష్టిలో మూడేళ్లకు మించి శిక్ష లేని చిన్న నేరం, పదహారు నిండాయని పెద్దల కోర్టుకు పంపించే రకం కాదు. ఆ భయం చాలామంది తల్లులకు ఉంటుంది, ఎవరో వకీలు గుమస్తా పెట్టి ఉంటాడు. వాడితో దొరికిన ఆ ఇద్దరు పెద్దవాళ్ల కేసు వేరే కోర్టులో నడుస్తుంది, కలిపి విచారించరు. విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. చివరికి బోర్డు తప్పు తేల్చినా మందలించి పంపొచ్చు, సమాజసేవ చేయించొచ్చు, మూడేళ్లకు మించకుండా సత్ప్రవర్తన మీద ఎవరో బాధ్యతగల మనిషి దగ్గర ఉంచొచ్చు. అన్నిటికంటే ఆమె చెవిన వేయాల్సింది సెక్షన్ 24: ఈ కేసు వాడు పెద్దయ్యాక ఉద్యోగానికి అనర్హత కాదు. ఈ మాట చెప్పినప్పుడు తల్లుల మొహం చూడాలి నువ్వు. అప్పటిదాకా తమ్ముడు కట్టే అద్దె గురించి ఆలోచించిన మనిషి అప్పుడు కొడుకు గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది, కొన్నిసార్లు.

కొన్నిసార్లే. పొలాల్లో మోటార్ల రాగితీగ కోసి అమ్మిన పిల్లాడొకడు ఉండేవాడు. రికార్డులో ఎనిమిదో తరగతి, తన పేరు తప్ప ఏమీ చదవలేడు. ఎంతో తిరిగి వాణ్ణి ఒక వైండింగ్ షాపులో పెట్టించాను, అదే రాగితీగ చుట్టే పని. ఎంత మురిసిపోయానో. మూడు నెలలు చేసి చెప్పకుండా వెళ్లిపోయాడు. హైదరాబాదులో ఉన్నాడని తర్వాత ఎవరో చెప్పారు. మళ్లీ మా బోర్డుకైతే రాలేదు. వాడి కథ బాగుపడిందో లేదో తెలియకుండానే నేను రిటైరయ్యాను. ఈ ఉద్యోగంలో ఎక్కువ కథలు అలాగే ఉంటాయి. చివరిదాకా తెలియాలనుకునేవాళ్లకు ఈ పని కష్టం. రాజీనామా గురించి ఆలోచించేటప్పుడు నిద్ర పట్టకపోవడం కంటే ఈ సంగతి గురించి ఎక్కువ ఆలోచించు.

రాజీనామా ఈ నెల ఇవ్వకు. ఇవ్వాలనుకుంటే ఆ అదనపు రిపోర్టు ఇచ్చాక ఇవ్వు. నీ పోస్టుకు మిషన్ వాత్సల్య (పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన పథకం) నోటిఫికేషన్లలో నెలకు 27,804 రూపాయలు వేయడం చూశాను. ఆ డబ్బుకు, రెన్యువల్ అవుతుందో లేదో అన్న ఆ భయానికి, ఈ పని చేయమని నేను ఎవరినీ బలవంతపెట్టను. మళ్లీ ప్రాక్టీసుకు వెళ్లినా తప్పు లేదు, పిల్లల కేసులు తెలిసిన వకీళ్లు మన జిల్లా కోర్టుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఉంటానంటావా, బోర్డులో సోషల్ వర్కర్ సభ్యురాలివి కావాలంటే 35 ఏళ్లు నిండాలి, పిల్లలతో ఏడేళ్లు పనిచేసి ఉండాలి. అప్పుడు నీలాంటి ఇంకో అమ్మాయి రిపోర్టు నీ ముందు ఉంటుంది.

సంబంధాల విషయం. 'కోర్టులో ఆఫీసరు' అని చెప్పుకోమను మీ వాళ్లను, అబద్ధమేం కాదు. వచ్చిన అబ్బాయికి మాత్రం నువ్వే ఈ పని గురించి అంతా చెప్పు. మొహం చిట్లిస్తే అక్కడే తెలిసిపోతుంది, కట్నం మాటల దాకా వెళ్లక్కర్లేదు.

పెద్దమ్మో నానమ్మో ఎవరో ఒకరు దొరుకుతారు, వెతుకు. ఇంకో ఊళ్లో ఉన్నారంటే ఎగిరి గంతేసి పేరు రాసేయకు. పోయిరా. ముందు ఫోన్ చేయకు, సాయంత్రం బస్సుకే వెళ్లు, రాత్రి అన్నాల వేళ దాకా ఉండు. ఎన్ని కంచాలు పెడతారో లెక్కపెట్టుకుని రా.